కంటిరెప్ప కింది ఎరుపు

మా ఊళ్ళో మా అయ్యను 'కన్ను జూసెటాయన' అనేవాళ్ళు. గొర్రె మందలో వెనకబడినా, మేత ముట్టకపోయినా దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బొటనవేలితో కింది రెప్పను లాగి చూసేవాడు. లోపలి పొర ఎర్రగా ఉంటే వదిలేసేవాడు. తెల్లగా పాలిపోయి ఉంటే దీని నెత్తురు పోయిందని పక్కకు కట్టేసేవాడు. చెరువు కింద తడినేలల్లో మేసిన గొర్రెలకు కడుపులో జలగ పడుతుంది. అది లోపల కూర్చుని నెత్తురు తాగుతూ ఉంటే గొర్రెకు దవడ కింద సంచి కట్టినట్టు వాపు వస్తుంది, రెప్ప లోపల సున్నం పూసినట్టవుతుంది. మందు పడి తేరుకునేటప్పుడు ముందు వాపు దిగుతుంది, ఆ తర్వాత రెప్ప ఎర్రబడుతుంది. ఆ రెండూ అయ్యాయంటే ఇక ఆ గొర్రె గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఇది ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా గొర్రెల్ని తోలుకొచ్చి చూపించుకుపోయేవాళ్ళు.

మాకు జ్వరమొచ్చినా ఆయన చేసే పని అదే. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పేవాడు. ఆ బొటనవేలికి ఎప్పుడూ గొర్రెబొచ్చు వాసన. నేను చెయ్యి తోసేసేదాన్ని. "నేనేమన్న గొర్రెనా?" అంటే, "గొర్రెవైతే మంచిగుండు, నోరుండకపోవు" అనేవాడు. నా నోరు అలాంటిదే. పెళ్ళయిన ఏడాదికే మొగుడు కలరాలో పోతే పుట్టింటికి తిరిగొచ్చాను. ముండమోసినదాన్ని మూలన కూర్చోవాలన్న ఊరికి నా నోరే జవాబు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊరు అంత మంచిదేం కాదని నా అభిప్రాయం.

మా ఊరు కోదాడ నుంచి నడిగూడెం పోయే దారిలో ఉండేది. అయ్య, మేం అవ్వ అని పిలిచే అమ్మ, నేను, తమ్ముడు. తమ్ముడికి అప్పటికి పద్దెనిమిది, పంతొమ్మిది ఉంటాయేమో. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. మందను వాడికి అప్పజెప్పి అయ్య కాస్త నడుం వాల్చవచ్చు అనుకుంటున్న కాలం అది. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. రజాకార్ల బెడద పోయిందనుకుంటే యూనియన్ మిలిటరీ దిగింది. గుట్టల్లో దాగిన సాయుధ పోరాట దళాలవాళ్ళకు గొర్లకాపరులే సద్దులు మోస్తున్నారని వాళ్ళ అనుమానం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అది మా మీద పడింది. మందతో ఎటు పోవాలన్నా ఒకరికి చెప్పుకుని పోవాల్సివచ్చేది.

ఆ వేసవి మొదట్లో తమ్ముడు మందను తోలుకుని దామరచర్ల వైపు, కృష్ణ ఒడ్డు దాకా మేపుకు పోయాడు. మిర్యాలగూడెం మీదుగా తిరిగొచ్చేసరికి వాడి మెడ మీద ఎడమ పక్కన గడ్డలు. ఒకటి కాదు, గుత్తిగా. అంగీ పై గుండీ పెట్టుకోవడం లేదు. నొప్పి లేదన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది, నిద్రలో చెమటకు బట్టలు తడిసిపోతున్నాయి. మిర్యాలగూడెంలో ఎవరో ఆకుపసరు కట్టారట. దానివల్ల తోలు కాలడం తప్ప ఏమీ కాలేదు.

అయ్య కన్ను చూశాడు. రెప్ప పాలిపోయి ఉంది. ఆయనకు సంగతి అర్థమైపోయింది. దవడ కింద వాపు, రెప్ప తెలుపు. "నెత్తురు తగ్గింది వీనికి. కార్జం వండిపెట్టు, నల్ల వండిపెట్టు" అని అవ్వకు చెప్పాడు. నల్ల అంటే కోసిన గొర్రె నెత్తురును గడ్డకట్టించి వండే కూర. వారం వారం అది వండాం. రెప్ప నిజంగానే కాస్త ఎర్రబడింది. గడ్డలు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. మింగుడుపడటం కష్టమైంది. తన లెక్క మొదటిసారి తప్పినందుకు అయ్య దొడ్డి దగ్గర ఒక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించడం చూశాను.

సూర్యాపేట సర్కారు దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు మెడ నొక్కి చూసి, చంకలూ గజ్జలూ చూసి, ఇది తన చేతిలో లేదని, కోస్తాలో ఒక మిషన్ దవాఖాన ఉంది, అక్కడికి పొమ్మని చెప్పాడు. కోదాడకు వచ్చి బొగ్గుతో నడిచే బస్సెక్కాం. అయ్య, తమ్ముడు, వంటకు నేను. అవ్వ గొర్రెల దగ్గర ఉండిపోయింది. బస్సెక్కడం ముగ్గురికీ అదే మొదటిసారి. తమ్ముడు కిటికీ పక్కన కూర్చుని, వెనక్కి పోయే తాటిచెట్లను చూస్తూ జ్వరంలోనే నవ్వాడు. నాకు వాంతి వచ్చింది. దానికీ నవ్వాడు.

ఆ దవాఖానలో పెద్ద డాక్టరు ఒక తెలుగావిడ. గుంటూరు వైపు మాట. తెల్లచీర, మెడలో చిన్న సిలువ. గడ్డలోంచి ఒక ముక్క తీసి మద్రాసు పంపించింది. జవాబు వచ్చేదాకా వరండా పక్కన రోగుల బంధువులు వండుకునే రేకుల పాకలో ఉన్నాం. జవాబు వచ్చిన రోజు ఆమె తమ్ముణ్ణి పిలవకుండా అయ్యనూ నన్నూ పిలిచింది.

"ఇది క్షయ గడ్డ కాదండీ. దానికంటే చెడ్డది. నిలవదు, పెరుగుతూనే ఉంటుంది. యుద్ధం తర్వాత విదేశాల్లో ఒక మందు వాడుతున్నారు. అసలు అది మనుషుల్ని చంపడానికి చేసిన విషవాయువు నుంచి పుట్టిన మందు. మా దగ్గర కొంచెం ఉంది. దానితో గడ్డలు కరుగుతాయి. పూర్తిగా నయమవుతుందని నేను చెప్పను. మళ్ళీ రావచ్చు. కానీ కొంతకాలం మీ అబ్బాయి మీకు దక్కుతాడు" అంది.

"ఎంత కాలం తల్లీ?" అన్నాడు అయ్య.

"నెలలు. దేవుడు దయతలిస్తే ఇంకా ఎక్కువ."

అయ్య ఇయ్యమన్నాడు. వరసగా కొన్నాళ్ళు సూదులు వేశారు. చేతి నరంలోకి ఎక్కించేవాళ్ళు. ఎక్కించిన కాసేపటికే వాంతులు మొదలయ్యేవి. కడుపులో ఏమీ లేకపోయినా పచ్చటి నీళ్ళు కక్కేవాడు. నేను తల పట్టుకునేదాన్ని. "అక్కా, నిన్ను బస్సుల నవ్విన పాపం గిట్ల తగిలింది" అనేవాడు మధ్యలో ఊపిరి తీసుకుంటూ.

ఆ తర్వాత మేం చూసింది చెబితే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. గడ్డలు కరగసాగాయి. పొద్దున చూసిన దానికి సాయంత్రానికే తేడా తెలిసేది. వారం తిరగకముందే మెడ మెడలా అయింది. జ్వరం పోయింది. వాంతులు ఆగి ఆకలి పుట్టింది. నేను వండిన అన్నం చాలక పక్కపొయ్యివాళ్ళ దగ్గర అడుక్కుని పెట్టాను. వాడు అంగీ పై గుండీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూపించాడు. ఆ రోజు నేను ఏడ్చాను. సంతోషంతో ఏడవడం నా జీవితంలో ఎక్కువసార్లు జరగలేదు కాబట్టి బాగా గుర్తుంది.

డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదు. రోజు మార్చి రోజు తమ్ముడి వేలు పొడిచి ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద రాసుకుని పోయేది. ఒక మధ్యాహ్నం మా పాకలోకే వచ్చి, నా పీట మీద కూర్చుని, ఎందుకో విడమరిచి చెప్పింది.

"రక్తంలో ఎర్రకణాలుంటాయి, తెల్లకణాలుంటాయి."

"నెత్తుర్ల తెల్లయి గూడ ఉంటయా తల్లీ?" అన్నాడు అయ్య. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

"ఉంటాయి. తక్కువే, కానీ అవి లేకపోతే మనిషి లేడు. బయటి నుంచి రోగం ఏది లోపలికొచ్చినా దానితో పోరాడేవి అవే. ఎర్రవి ఒకసారి పుడితే మూడు నాలుగు నెలలు బతుకుతాయి. తెల్లవి కొద్ది రోజులే. అందుకని ఎముకల్లో మూలుగ రోజూ కొత్తవి పుట్టిస్తూనే ఉండాలి. మేమిచ్చిన మందుకు గడ్డ ఏదో, మూలుగ ఏదో తెలియదు. వేగంగా పెరిగేదాన్నల్లా కొడుతుంది. ఇప్పుడు అబ్బాయి మూలుగ దెబ్బతిని పడుకుంది. పాత ఎర్రవి ఒంట్లో తిరుగుతూనే ఉన్నాయి, మనిషి బాగానే కనపడతాడు. తెల్లవి మాత్రం ఉన్నవి అయిపోతున్నాయి, కొత్తవి రావడం లేదు. గాయమైతే రక్తం ఆగేలా చేసేవి ఇంకో రకం ఉంటాయి. అవీ తగ్గుతాయి."

"మల్ల లేవదా మూలుగ?" అన్నాను.

"లేస్తుంది. ఇంకో రెండు మూడు వారాలు. ఇంకా కిందికి పడి, అప్పుడు లేస్తుంది. అందాకా ఇక్కడే ఉంచండి. ఈ రోజుల్లో చిన్న జ్వరం వచ్చినా అతనికి అడ్డుపడేవాళ్ళు లోపల ఎవరూ ఉండరు."

తర్వాత నేను అదే దవాఖానలో ఆయాగా చేరి, అక్కడే చదవడం రాయడం నేర్చుకుని, ఎన్నో ఏళ్ళు ఆ మాటలే వేరే తల్లులకూ అక్కలకూ చెప్పాను. ఆమె చెప్పిన దానికంటే తేలికగా చెప్పే మార్గం నాకు ఇప్పటికీ దొరకలేదు. మూలుగ బొక్క అంటే ఏమిటో మా అయ్యకు బాగా తెలుసు. ఆయన తల ఊపాడు. అర్థం కాలేదని అనలేను. నమ్మకం కలగలేదు, అంతే.

ఆ వారమే మా ఊరి నుంచి ఒకతను పని మీద వచ్చి కబురు చెప్పాడు. గుట్ట వైపు మంద తోలకూడదని మిలిటరీ వాళ్ళు హుకుం చేశారట. గొర్రెలు దొడ్డిలోనే మాడుతున్నాయట. ఈతల కాలం. ఈనినవి ఈనినట్టు పాలు లేక పిల్లల్ని తన్నేస్తున్నాయట. అవ్వ ఒక్కతే పరేషాన్ అవుతోందట. మా బతుకు ఆ మందే.  మర్నాడు పొద్దున అయ్య తమ్ముణ్ణి వరండా మెట్ల మీద ఎండలో కూర్చోబెట్టి, గడ్డం పట్టి, రెప్ప లాగాడు. చాలాసేపు చూశాడు. నన్ను పిలిచాడు.

"సూడు."

చూశాను. ఎర్రగా ఉంది. మోదుగుపువ్వంత ఎరుపు. అబద్ధమాడి లాభం లేదు, నా జన్మలో అంత ఆరోగ్యంగా ఉన్న రెప్ప చూడలేదు.

"వాపు దిగింది. కన్ను ఎర్రగున్నది. ఇగ ఈడ ఏం జేస్తం?" అన్నాడు అయ్య.

"డాక్టరమ్మ ఉండుమన్నది గద. తెల్లయి రావాలె అన్నది గద" అన్నాను.

"ఎన్ని గొర్లను జూసిన్నే నేను. నెత్తురు లేనిది కన్ను ఎట్ల ఎర్రగుంటది?"

నేను అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూసేలా అరిచాను. గొర్రెలు సచ్చినా పర్వాలేదు, మనిషిని ఉంచు అన్నాను. గొర్రెలు చస్తే మనుషులు ఏం తిని బతకాలని ఆయన అన్నాడు. అదీ నిజమే. చివరికి తమ్ముడే తీర్పు చెప్పాడు. "అక్కా, ఈ ఫినాయిలు వాసనకు నాకు అన్నం పోతలేదు. మంచిగైన. ఇంటికి పోదం." వాడు నిజంగానే బాగున్నాడు. లేచి, మెట్లు దూకి చూపించాడు.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. "మీరు చూసేది ఎర్రదాన్నండీ. నేను భయపడేది తెల్లదానికి. అది రెప్ప కింద కనపడదు" అంది. అయ్య చేతులు జోడించాడు. "మీరు సదువుకున్నోల్లు తల్లీ, నేను కాదంటలేను. మంద సంగతి సూసుకోని మల్ల తీస్కొస్త." ఆయన అబద్ధం చెప్పలేదు, తీసుకొద్దామనే అనుకున్నాడు. ఆవిడ ఇక ఆపలేనని తెలుసుకుని, నా వైపు తిరిగింది. పచ్చిపాలు వద్దు, గొర్రెల దగ్గర పడుకోనివ్వొద్దు, జనంలోకి పంపొద్దు. నోరు పూసినా, ఒళ్ళు వేడెక్కినా ఆ పూటే బయల్దేరండి. ఆ పూటే, అని మళ్ళీ అంది.

ఊళ్ళోకి వచ్చేసరికి జనమంతా వాడి మెడ చూడటానికి వచ్చారు. చేత్తో తడిమి చూసేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు. నేను తిట్టి పంపేదాన్ని. వితంతువు నోటికి భయపడి కొందరు పోయేవాళ్ళు, మిగతావాళ్ళు నేను లేనప్పుడు వచ్చేవాళ్ళు. అవ్వకు కొడుకు మెడ చూసి పట్టలేని సంతోషం. అమ్మవారికి పొట్టేలును మొక్కుకుంది. అయ్య పోయి మిలిటరీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి చెరువు వెనక వైపు మేపుకోవడానికి ఒప్పించుకొచ్చాడు. తమ్ముణ్ణి మంద దగ్గరికి పోనివ్వలేదు, ఆ మాట ఒక్కటీ ఆయన నిలబెట్టాడు. పొద్దున్నే దొడ్డికి పోయేముందు వాడి రెప్ప లాగి చూసి, "మంచిగుంది" అని వెళ్ళేవాడు. రోజూ మంచిగానే ఉండేది. ఎరుపు కొంచెమైనా తగ్గలేదు.

వాడి నోట్లో పుళ్ళు లేచాయి. నేను గాబరా పడి, బయల్దేరదాం అన్నాను. "సూదుల వేడి" అని అవ్వ చల్ల పోసింది. పిక్కల మీద సన్నటి ఎర్రచుక్కలు కనిపించాయి. "పిడుదులు కుట్టినట్టున్నయి, గొర్లున్న ఇల్లాయె" అంది. మా ఇంట్లో గొర్రెపిడుదు కుట్టని ఒళ్ళు లేదు, కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. మర్నాడు పళ్ళు తోముకుంటే వేపపుల్ల ఎర్రబడింది. ఆ మధ్యాహ్నం చలిజ్వరం తగిలింది.

"బండి కట్టుండ్రి" అన్నాను.

అయ్య మంద దగ్గర్నుంచి పరుగున వచ్చి ముందు రెప్ప చూశాడు. ఎర్రగానే ఉంది. ఆయన ముఖంలో భయం తగ్గడం నేను చూశాను. "నెత్తురు మంచిగనే ఉన్నది. ఎండజరం. పొద్దటి దాక సూద్దాం" అన్నాడు.

"జరమొస్తే ఆ పూటే రమ్మన్నది" అన్నాను.

"కన్ను సూసినవా లేదా?" అన్నాడు.

పొద్దటిదాకా చూశాం. పొద్దుటికి వాడు లేచి కూర్చోలేకపోయాడు. మాట తడబడుతోంది. అప్పుడు అయ్య ఇంకేం చూడలేదు. ఎడ్లను తనే పట్టుకొచ్చి కట్టాడు. అవ్వ బండి వెంట ఊరి చివరిదాకా వచ్చింది. "ఈపాలి తొందర పడకుండ్రి. డాక్టరమ్మ పొమ్మనేదాక ఆడనే ఉంచుండ్రి పిలగాన్ని. గొర్ల సంగతి నేను జూసుకుంట" అని కొడుకు పాదాలు పట్టుకుని చెప్పింది. గొంగడి సర్ది వెనక్కి తిరిగింది.

కోదాడ ముందు మిలిటరీ వాళ్ళు బండి ఆపారు. గొంగట్లో చుట్టుకుని పడుకున్నవాణ్ణి చూసి తుపాకీ దెబ్బ తగిలినవాడేమో అనుకున్నారు. గాయం ఎక్కడ, గాయం ఎక్కడ అని ఉర్దూలో అడిగారు. బట్టలు విప్పి చూపించాం. గాయం ఎక్కడా లేదు. వాళ్ళు వదిలేసరికి బస్సు పోయింది. తర్వాతి బస్సు దాకా చెట్టు కింద తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అయ్య రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వేలు పొడిచి చుక్క తీసుకుపోయింది. నేను ఆమె వెనకాలే గదిలోకి పోయాను. నన్ను వెళ్ళగొట్టలేదు. ఆమె సూక్ష్మదర్శిని మీద వంగి, గాజుపలకను ఇటు జరిపి, అటు జరిపి, చాలాసేపు వెతికింది. తర్వాత పక్కకు జరిగి నన్ను చూడమంది. అందులో గుండ్రటి పలచని బిళ్ళలు కిక్కిరిసి ఉన్నాయి. "అవి ఎర్రవి. సమృద్ధిగా ఉన్నాయి. ఇలా నాలుగు చోట్ల చూస్తే ఒక్కటైనా వేరే రకంది, పెద్దది, లోపల ముదురు మచ్చతో కనపడాలి. నేను పలకంతా వెతికాను" అంది. మళ్ళీ తనే వంగి మొదటినుంచీ వెతకసాగింది. లేనిదాన్ని అంత ఓపికగా వెతకడం నేను ఇంకెక్కడా చూడలేదు.

పెన్సిలిన్ అనే కొత్త మందు ఉన్నదంతా ఇచ్చారు. అయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి ఆమె ముందు నిలబడ్డాడు. "నా నెత్తురు దీస్కోరి. నాది మంచిది. ఎంతన్న దీస్కోరి."

"మీ రక్తం ఎక్కిస్తే ఎర్రది పెరుగుతుంది. అతనికి కావలసింది అది కాదండీ. తెల్లవి మీ దగ్గర్నుంచి తీసి ఇచ్చినా అతనిలో నిలవవు. అతని మూలుగే లేవాలి. ఇంకొక్క వారం అతను నిలబడగలిగితే లేస్తుంది" అందామె.

వాడు ఆ వారం నిలబడలేదు. మధ్యలో ఒకసారి తెలివి వచ్చింది. నా వైపు చూసి, "అక్కా, నోరు ఏడ వోయింది నీకు? గింత సేపు ఊకున్నవ్" అన్నాడు. పెదాల నిండా పుళ్ళు, అయినా నవ్వబోయాడు.  జీవితమంతా పనికిరాని చోటల్లా తిరిగిన నోరు, ఆ ఒక్క నిమిషం పనికిరాలేదు. ఆ మర్నాడు పొద్దున, వరండా కడుగుతున్న వేళ, వాడి ఊపిరి ఆగిపోయింది. మెడ నున్నగా, గడ్డ ఆనవాలైనా లేకుండా ఉంది.

అయ్య డాక్టరమ్మ గది గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి పోలేదు.

"తల్లీ, నేను జూసింది తప్పా?"

ఆమె లేచి వచ్చింది. "తప్పు కాదండీ. మీరు ఎర్రగా ఉందన్నారు, ఎర్రగానే ఉంది. ఇప్పటికీ ఎర్రగానే ఉంది."

"మరి తెల్లది ఏడ సూడాలె?"

"పైకి ఎక్కడా కనపడదు. నాకు కూడా కనపడదు. అందుకే వేలు పొడిచి చూస్తాను."

అయ్య తల ఊపాడు. ఈసారి నమ్మినట్టు ఊపాడు. నా కోపం ఆ రోజు ఆయన మీద పడలేదు. చాలా ఏళ్ళు ఎవరి మీద పడాలో తెలియక ఎటంటే అటు పడేది. బతికి ఉన్నా ఆ జబ్బు మళ్ళీ వచ్చేదే గదా అని నన్ను ఓదార్చినవాళ్ళ మీద ఎక్కువగా పడేది. వచ్చేదే. కానీ డాక్టరమ్మ ఇస్తానన్న ఆ కొన్ని నెలలు మావి. ఒక వానాకాలం మావి. వాడు గుండీ పెట్టుకుని తిరిగే ఒక వానాకాలం. దాన్ని చిన్నదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

శవాన్ని బస్సులో ఎక్కించుకోం అన్నారు. బండి కట్టించుకుని పోవాలంటే ఎండలు, దారి పొడుగునా తనిఖీలు. దవాఖాన వెనక ఉన్న స్థలంలో పూడ్చుకోమని డాక్టరమ్మ ఒప్పించింది. అవ్వ లేకుండా, మా కులపోళ్ళు ఎవరూ లేకుండా, అయ్యే మన్ను వేశాడు. తర్వాత ఇద్దరం బస్సెక్కాం. కోదాడలో దిగి, తెలిసినవాళ్ళ దగ్గర వదిలిపెట్టిన ఎడ్లనూ బండినీ తీసుకుని ఊరికి వచ్చాం.  కబురు ముందుగా పంపడానికి మాకు మనుషులెవరూ దొరకలేదు.

అవ్వ దొడ్డి ముందు ఈనిన గొర్రె పాలు పిల్ల నోటికి పడుతోంది. బండి చప్పుడు విని తలెత్తింది. బండిలో నన్ను చూసింది, అయ్యను చూసింది, వెనక ఖాళీగా ఉన్న గొంగడిని చూసింది. ఆమె ముఖం తేటబడింది.

"ఈపాలన్న డాక్టరమ్మ మాటిన్నరు. పిలగాన్ని ఆడనే ఉంచొచ్చిండ్రు, మంచి పని జేసిండ్రు" అంది. అంటూనే గొర్రెపిల్లను దించి, మాకు కాళ్ళకు నీళ్ళివ్వడానికి లేచింది. అయ్య బండి దిగలేదు. చెప్పడం నా వంతయింది.